వారంటీ ముగుస్తున్న హై-పెర్ఫార్మెన్స్ కారు కొనేముందు: లెక్క, తనిఖీ, బేరం, పేపర్లు

“కొత్తది డెబ్బై లక్షల దగ్గర ఉంది, ఐదేళ్ల పాతది సగానికే వస్తోంది, తీసుకోమంటారా?” ఈ మధ్య ఎక్కువగా ఎదురవుతున్న ప్రశ్న ఇదే. దీనికి ఔను, కాదు అని ఒక్కమాటలో చెప్పలేం. ఒక సంగతి మాత్రం ముందే తెలిసి ఉండాలి: సగానికి పడింది కారు ధరే, దాని టర్బో, గేర్‌బాక్స్, హెడ్‌లైట్ ధరలు కాదు. ముప్పై లక్షలు పెట్టి కొన్నా, రిపేరు బిల్లు మాత్రం డెబ్బై లక్షల కారు బిల్లే వస్తుంది.

కాబట్టి “ఎంతకి వస్తోంది” అనేది రెండో ప్రశ్న. “మూడేళ్లు నడిపి అమ్మేసరికి నాకు ఎంత ఖర్చవుతుంది” అనేది మొదటిది. కింద చెప్పిన వరస ఆ లెక్క కోసమే. వరస మార్చకండి. చాలామంది టెస్ట్ డ్రైవ్‌తో మొదలుపెడతారు. మూడు లీటర్ల ఇంజిన్ ఒకసారి గట్టిగా లాగాక ఇక లెక్కలు ఎవరికీ ఎక్కవు.

## 1. మొదట మూడు తేదీలు రాసుకోండి

కారును చూడ్డానికి వెళ్లకముందే, ఫోన్‌లోనే అడిగి తెలుసుకోవాల్సినవి:

- మొదటి రిజిస్ట్రేషన్ తేదీ (తయారైన నెల వేరే ఉంటుంది, అదీ అడగండి)
- కంపెనీ ఇచ్చిన అసలు వారంటీ ముగిసిన తేదీ
- ఎక్స్‌టెండెడ్ వారంటీ ఉంటే అది ముగిసే తేదీ, కిలోమీటర్ల పరిమితి

ఉదాహరణకి బీఎండబ్ల్యూ ఎం340ఐ తీసుకుందాం. ఇది మన దేశంలో 2021 మార్చిలో 62.90 లక్షల ఎక్స్-షోరూమ్ ధరతో వచ్చింది. చెన్నైలో అసెంబుల్ చేసిన కారు, 387 హార్స్‌పవర్. అసలు వారంటీ రెండేళ్లు. డబ్బు కట్టి తీసుకునే రిపేర్ ఇన్‌క్లూజివ్ ప్యాకేజీతో దాన్ని మూడో ఏడు నుంచి గరిష్ఠంగా ఆరో ఏడు వరకు పొడిగించుకునే వీలు అప్పట్లో ఇచ్చారు. అంటే 2021లో రోడ్డెక్కిన కారుకి మొదటి ఓనరు అన్నీ కట్టినా, ఆ రక్షణ 2027తో సరి. “వారంటీ ఉంది సార్” అని బ్రోకర్ అన్నప్పుడు అది ఇంకో ఏడాదా, ఇంకో మూడు నెలలా అన్నది ధరను మార్చే విషయం.

ఇక్కడ అందరూ కలిపేసే రెండు పేర్లు విడదీసి చూడండి. సర్వీస్ ప్యాకేజీ అంటే ఆయిల్, ఫిల్టర్లు, కొన్నిట్లో బ్రేక్ ప్యాడ్ల ఖర్చు. వారంటీ అంటే పాడైన భాగం మార్చే బాధ్యత. “2030 వరకు ప్యాకేజీ ఉంది” అని చెప్పే కార్లలో సగానికి పైగా ఉన్నది మొదటిదే, రెండోది కాదు అనుకుని మొదలుపెడితే మీరు మోసపోరు.

రుజువు: ఛాసిస్ నంబర్ తీసుకుని ఆ కంపెనీ సర్వీస్ సెంటర్‌కి మీరే వెళ్లి అడగండి. అమ్మేవాళ్ల అనుమతితో ఒక మెయిల్ పెట్టించుకుంటే ఇంకా మంచిది.

## 2. ఆ మోడల్‌కి ఉన్న జబ్బులు తెలుసుకోండి

ఎక్కువ సమయం పెట్టాల్సింది ఇక్కడే. ప్రతి పెర్ఫార్మెన్స్ ఇంజిన్‌కీ ప్రపంచమంతా తెలిసిన బలహీనతలు ఒకటో రెండో ఉంటాయి. వాటి పేర్లు తెలియకుండా తనిఖీకి వెళితే పెయింట్ చూసి తిరిగొస్తారు.

బీఎండబ్ల్యూ. ఎం340ఐలో ఉన్న బీ58 ఇంజిన్ గట్టిది. చూడాల్సింది దాని చుట్టూ ఉన్న ప్లాస్టిక్, రబ్బరు: కూలెంట్ లీకులు, ఆయిల్ ఫిల్టర్ హౌసింగ్ గాస్కెట్. దానికి ముందరి ఎన్55 ఇంజిన్ అయితే ఎలక్ట్రిక్ వాటర్ పంపు ముందస్తు సూచన లేకుండా ఆగిపోతుంది, వాల్వ్ కవర్, ఆయిల్ ఫిల్టర్ హౌసింగ్ దగ్గర ఆయిల్ కారుతుంది. వీ8 (ఎనిమిది సిలిండర్ల) ఇంజిన్ ఉన్న పాత ఎం3 అయితే కనెక్టింగ్ రాడ్ బేరింగులు మార్చారా అనేదే మొదటి ప్రశ్న. ఎఫ్80 ఎం3, అదే తరం ఎం4 కార్లలో, ముఖ్యంగా పవర్ పెంచడానికి ట్యూన్ చేసినవాటిలో, క్రాంక్ హబ్ (క్రాంక్‌షాఫ్ట్ చివర టైమింగ్ గేర్‌ను పట్టి ఉంచే భాగం) జారే సమస్య ఉంది.

గేర్‌బాక్స్. ఈ కార్లలో చాలావాటికి జెడ్‌ఎఫ్ ఎనిమిది గేర్ల ఆటోమేటిక్ ఉంటుంది. బీఎండబ్ల్యూ దాని ఆయిల్ జీవితాంతం సరిపోతుందంటుంది. గేర్‌బాక్స్ తయారుచేసిన జెడ్‌ఎఫ్ మాత్రం 80,000 నుంచి 1,20,000 కిలోమీటర్ల మధ్య, లేదా ఎనిమిదేళ్లకి మార్చమంటుంది. తయారుచేసినవాళ్ల మాటే వినండి.

ఫోక్స్‌వ్యాగన్, స్కోడా. ఈ కంపెనీల పెట్రోలు ఇంజిన్ ఈఏ888 మూడోతరంలో వాటర్ పంపు, థర్మోస్టాట్ కలిసి ఉండే ప్లాస్టిక్ హౌసింగ్ లీకవుతుంది. 2016లో 25.65 లక్షలకి వచ్చిన మూడు డోర్ల పోలో జీటీఐలో ఏడు గేర్ల డ్రై క్లచ్ డీఎస్‌జీ (క్లచ్‌లు ఆయిల్‌లో మునగని, రెండు క్లచ్‌ల ఆటోమేటిక్ గేర్‌బాక్స్) ఉంది. అందులో గేర్ల మార్పును నడిపే మెకట్రానిక్ యూనిట్ పాడైతే పెద్ద ఖర్చు. ఆక్టేవియా ఆర్‌ఎస్ 230లో ఉన్నది ఆరు గేర్ల వెట్ క్లచ్ (ఆయిల్‌లో మునిగి ఉండేది). అది మన్నికైనదే గానీ, దాని ఆయిల్ 60,000 కిలోమీటర్లకోసారి మార్చిన బిల్లు కనిపించాలి.

పోర్షే. 996, 997 మొదటి దశ 911లు, అదే కాలపు బాక్స్‌టర్, కేమన్ కార్లలో ఐఎంఎస్ బేరింగ్ (ఇంజిన్ లోపలి ఇంటర్మీడియట్ షాఫ్ట్‌ను మోసేది) సమస్య, సిలిండర్ గోడల మీద గీతలు పడటం రెండూ పేరుపడ్డవే. 2009 మోడల్ నుంచి వచ్చిన 997 రెండో దశ ఇంజిన్‌లో ఆ బేరింగే లేదు. పైకి ఒకేలా కనిపించే రెండు కార్ల మధ్య ధర తేడాకి ఇదీ ఒక కారణం.

ఆడి. 2012 తర్వాతి ఎస్6, ఆర్‌ఎస్7లలోని 4.0 లీటర్ వీ8లో టర్బోలకు ఆయిల్ వెళ్లే దారిలో చిన్న జాలీ ఉంటుంది. అది మూసుకుపోతే టర్బోలు పోతాయి. ఆ జాలీ మార్చారా అని బిల్లులో చూడండి.

ఎయిర్ సస్పెన్షన్ (స్ప్రింగుల బదులు గాలి సంచులు) ఉన్న ఏ బ్రాండ్ కారైనా రాత్రంతా నిలిపి పొద్దున్నే చూడాలి. ఒక మూల కుంగితే లీకు ఉన్నట్టే.

కిలోమీటర్లు తక్కువ తిరిగిందని మురిసిపోకండి. రబ్బరు, ప్లాస్టిక్ పాడయ్యేది ఏళ్లతోనూ, మన ఎండలతోనూ. తొమ్మిదేళ్లలో 18,000 తిరిగిన కారు కంటే, ఏటా సర్వీసు చేయించి 60,000 తిప్పిన కారునే నేను ఎంచుకుంటాను.

ఇంకొకటి పెట్రోలు. 2023 ఏప్రిల్‌కి ముందు తయారైన కార్లలో చాలావరకు ఇరవై శాతం ఇథనాల్ పెట్రోలు కోసం చేసినవి కావు. ఫ్యూయల్ మూత లోపలి స్టిక్కర్, హ్యాండ్‌బుక్ చూడండి: ఎంత ఆక్టేన్ అడుగుతోంది, ఎంత ఇథనాల్ ఒప్పుకుంటుంది. ఖరీదైన హై-ఆక్టేన్ పెట్రోలే పోయాల్సి వస్తే ఆ తేడా కూడా నెల ఖర్చులోకి వెళ్లాలి.

చివరిగా, మీ మోడల్‌కి వచ్చే అయిదు పెద్ద రిపేర్ల పేర్లు రాసి, కంపెనీ సర్వీస్ సెంటర్‌లో ఒకటి, బయటి మంచి గ్యారేజీలో ఒకటి కొటేషన్ తీసుకోండి. ఈ కాగితం లేకుండా తర్వాతి మెట్టు ఎక్కలేరు.

## 3. రీసేల్ ధర ఎక్కడ జారుతుంది, ఎక్కడ నిలుస్తుంది

ఈ కార్ల ధర ఏటా సమానంగా తగ్గదు, మెట్లు మెట్లుగా పడుతుంది. మొదటి రెండుమూడేళ్లలో పెద్ద పతనం. ఆ తర్వాత కాస్త నిలకడ. వారంటీ ముగిసిన రోజున ఇంకో మెట్టు. కొత్త మోడల్ వచ్చినప్పుడు మరొకటి.

మీ చేతిలో లేనివి కూడా ధరను మారుస్తాయి. 2025 సెప్టెంబర్ 22 నుంచి పెద్ద కార్ల మీద జీఎస్టీ, సెస్సు కలిపి ఉన్న భారం పోయి 40 శాతం జీఎస్టీ ఒక్కటే మిగిలింది. కొత్త కారు చవకైతే పాతది అంతకంటే ముందు చవకవుతుంది. పోలో జీటీఐ విషయంలోనూ కంపెనీ తర్వాత ధరను 19.99 లక్షలకి తగ్గించడంతో, ముందు పాతిక లక్షలు పెట్టినవాళ్ల రీసేల్ లెక్క తలకిందులైంది. అందుకని ఏడాది కిందటి ప్రకటనల్లోని ధర పట్టుకుని బేరానికి వెళ్లకండి.

నిలిచేవి ఏవి? తక్కువ సంఖ్యలో వచ్చి, గిరాకీ ఎక్కువ ఉన్నవి. 2020లో ఆక్టేవియా ఆర్‌ఎస్ 245 దేశం మొత్తానికి 200 కార్లే వచ్చాయి, 35.99 లక్షలకి. అలాంటివి మిగతావాటి కంటే గట్టిగా నిలుస్తాయి. పెద్ద సెడాన్లు, అందులోనూ ఎయిర్ సస్పెన్షన్, వీ8 ఉన్నవి, వేగంగా పడతాయి. చవగ్గా కనిపించేవి కూడా అవే.

అడిగే ధర వేరు, తెగే ధర వేరు. ఒకే ఏడాది, దగ్గరి కిలోమీటర్లున్న కార్లు కనీసం అయిదు గుర్తుపెట్టుకుని నెల రోజులు గమనించండి. నెలంతా కదలకుండా ఉన్న కారు ధర, ఆ కారు అసలు ధర కాదు.

## 4. ఎక్స్‌టెండెడ్ వారంటీ కాగితం చదివే పద్ధతి

బ్రోచర్ కాదు, నిబంధనల కాగితం అడగండి. ఇవ్వడానికి నసిగితే అక్కడే ఆగండి.

అందులో వెతకాల్సినవి:

- ఎవరి వారంటీ? కంపెనీదా, డీలర్‌దా, బయటి సంస్థదా? కంపెనీదైతే దేశంలో ఏ సర్వీస్ సెంటర్‌లోనైనా చెల్లుతుంది. డీలర్ సొంతంగా ఇచ్చేది ఆ ఒక్క చోటే.
- గరిష్ఠ చెల్లింపు. ఒక్కో క్లెయిమ్‌కి ఎంత, మొత్తానికి ఎంత? లక్షన్నర పరిమితి ఉన్న వారంటీ, ఏడు లక్షల గేర్‌బాక్స్ ముందు కాగితం ముక్కే.
- చేర్చినవా, మినహాయించినవా? “ఈ జాబితాలో ఉన్నవే కవర్” అంటే బలహీనం. “ఈ జాబితాలో ఉన్నవి తప్ప అన్నీ” అంటే బలం.
- అరుగుదల వస్తువులు. ప్యాడ్లు, డిస్కులు, టైర్లు, బ్యాటరీ, బుష్‌లు, వైపర్లు సాధారణంగా ఉండవు. డ్యూయల్ క్లచ్ గేర్‌బాక్స్‌లోని క్లచ్ ప్లేట్లు, అడాప్టివ్ డ్యాంపర్లు (రోడ్డుకి తగ్గట్టు మారే షాక్ అబ్సార్బర్లు) ఎటువైపు వేశారో చూడండి. డబ్బు పోయేది అక్కడే.
- విప్పి చూసే ఖర్చు. ఇంజిన్ విప్పాక క్లెయిమ్ తిరస్కరిస్తే ఆ కూలి ఎవరిది?
- బదిలీ. ఓనరు మారితే వారంటీ కూడా మారుతుందా, దానికి ఫీజు, గడువు ఏమిటి?
- ఎదురుచూసే గడువు. కొన్న మొదటి నెలలో క్లెయిమ్ లేదనే షరతు ఉందా?

కాలం విషయంలో ఒక జాగ్రత్త. చాలా ప్యాకేజీలు పాత వారంటీ నడుస్తుండగానే కొనాలి. మధ్యలో ఒక్క వారం గ్యాప్ వచ్చినా కొన్నిచోట్ల కారును తనిఖీకి పెట్టి, డబ్బు ఎక్కువ అడుగుతారు, లేదా కుదరదంటారు. కొనబోయే కారుకి వారంటీ ఇంకో నెలలో ముగుస్తుంటే, పొడిగింపు ధర డీల్ తెగకముందే తెలుసుకోండి. పొడిగించే బాధ్యత అమ్మేవాళ్లదే అని ధరలో కలిపి మాట్లాడండి.

కంపెనీల సొంత సెకండ్‌హ్యాండ్ విభాగాలు ఉన్నాయి: బీఎండబ్ల్యూ ప్రీమియం సెలెక్షన్, ఆడి అప్రూవ్డ్ ప్లస్, మెర్సిడెస్ సర్టిఫైడ్, 111 అంశాల తనిఖీ చేసే పోర్షే అప్రూవ్డ్. బయట కన్సల్టెన్సీ కంటే ధర ఎక్కువే. కానీ ఆ తేడాలో వారంటీ ఖరీదు కూడా ఉంది కాబట్టి, దాన్ని తీసేసి పోల్చండి. అప్పుడు తేడా చాలాసార్లు చిన్నదే.

### ట్యూన్ చేసిన కారు

ఈ తరగతి కార్లలో ప్రత్యేకంగా వచ్చే చిక్కు ఇది. పవర్ కోసం ఈసీయూ (ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్) సాఫ్ట్‌వేర్ రీమ్యాప్ చేసి, డౌన్‌పైప్ (టర్బో నుంచి పొగ బయటికెళ్లే గొట్టం), ఎగ్జాస్ట్ మార్చి, అమ్మే ముందు మళ్లీ స్టాక్‌కి, అంటే కంపెనీ ఇచ్చిన స్థితికి, తెస్తారు. పైకి ఏమీ తెలియదు. ఫోక్స్‌వ్యాగన్ గ్రూప్ కార్లలో సాఫ్ట్‌వేర్ తేడా పట్టుబడితే కంపెనీ రికార్డులో టీడీ1 అనే గుర్తు పడుతుంది. ఇంజిన్, గేర్‌బాక్స్ వారంటీ అక్కడితో పోయినట్టే. బీఎండబ్ల్యూలోనూ సాఫ్ట్‌వేర్ ఎన్నిసార్లు ఫ్లాష్ చేశారో (మార్చి ఎక్కించారో) కొన్ని యూనిట్లలో కనిపిస్తుంది.

కాబట్టి వారంటీ తేదీ మాత్రమే అడగొద్దు. “ఈ ఛాసిస్ నంబర్ మీద వారంటీ అడ్డుకునే గుర్తు ఏదైనా ఉందా?” అని సర్వీస్ అడ్వైజర్‌ని అడగండి.

## 5. మూడేళ్ల లెక్క వేయండి

ఇప్పుడు కొటేషన్లు, వారంటీ ధర, మార్కెట్ ధర మూడూ చేతిలో ఉన్నాయి. కింద ఉన్నవి పద్ధతి చూపించడానికి నేను వేసిన ఊహా అంకెలు. వాటి స్థానంలో మీవి పెట్టుకోండి.

- కొన్న ధర 34 లక్షలు, మూడేళ్లకి అమ్మే ధర 22 లక్షలు: నష్టం 12 లక్షలు
- ఇన్సూరెన్స్, ఏటా 90 వేలు: 2.7 లక్షలు
- మామూలు సర్వీసులు, ఏటా 60 వేలు: 1.8 లక్షలు
- టైర్లు ఒక సెట్: 1.5 లక్షలు
- బ్రేక్ డిస్కులు, ప్యాడ్లు: 1.5 లక్షలు
- వారంటీ లేదా రిపేర్ నిధి, ఏటా 2 లక్షలు: 6 లక్షలు
- కొన్న మొదటి నెల పనులు: 1 లక్ష

మొత్తం 26.5 లక్షలు. నెలకి దాదాపు 73,600 రూపాయలు. పెట్రోలు, లోన్ వడ్డీ దీనికి అదనం.

ఈ అంకె చూసి భయం వేస్తే మంచిదే, లెక్క పనిచేసినట్టు. భయం వేయకపోతే ముందుకెళ్లండి.

వారంటీ కొనాలా, ఆ డబ్బు బ్యాంకులో పెట్టుకోవాలా? నా కొలత ఇది. రెండో మెట్టులో రాసుకున్న అయిదు రిపేర్లలో అతి పెద్దది రేపే వస్తే, అప్పు చేయకుండా కట్టగలరా? కట్టగలిగితే, ఇంజిన్ మన్నికకి పేరున్నదైతే, నిధి చాలు. కట్టలేకపోతే వారంటీ ఖరీదైనా కొనండి. రెండూ కుదరకపోతే ఒక తరగతి తక్కువ కారు చూడండి.

ఇంకో చిన్న లెక్క. వారంటీ 2.2 లక్షలు అయితే అదంతా ఖర్చు కాదు. ఏడాది మిగిలి ఉండగా అమ్మితే కొనేవాళ్లు దానికి కొంత ఎక్కువ ఇస్తారు. ఆ ఎక్కువ లక్ష అయితే, మీ నికర ఖర్చు 1.2 లక్షలే.

ఇన్సూరెన్స్‌లో దాగిన ఖర్చు మర్చిపోకండి. అయిదేళ్లు దాటిన కారుకి ఐడీవీ (పాలసీలో కారుకి కట్టే విలువ) మీరు, ఇన్సూరెన్స్ కంపెనీ మాట్లాడుకుని నిర్ణయించుకోవాల్సిందే. తరుగు తీయకుండా క్లెయిమ్ ఇచ్చే జీరో డెప్రిసియేషన్ యాడ్-ఆన్ చాలా కంపెనీలు ఆ వయసు తర్వాత ఇవ్వవు. అది లేకపోతే క్లెయిమ్‌లో ప్లాస్టిక్, రబ్బరు భాగాల మీద 50 శాతం, అయిదు నుంచి పదేళ్ల కారు లోహ భాగాల మీద 40 శాతం తరుగు తీసేస్తారు. ఈ కార్ల బంపర్, గ్రిల్ ధరలు తెలుసుకుంటే ఆ యాబై శాతం బరువు తెలుస్తుంది. నీళ్లలో ఇంజిన్ పాడైతే ఇంజిన్ ప్రొటెక్ట్ అనే యాడ్-ఆన్ లేకుండా సాధారణంగా క్లెయిమ్ రాదు.

## 6. తనిఖీ

ముందే చెప్పండి: “నేను వచ్చేవరకు ఇంజిన్ స్టార్ట్ చేయొద్దు.” వెళ్లేసరికి బానెట్ వేడిగా ఉంటే ఇంకో రోజు వస్తామని చెప్పండి. టైమింగ్ చైన్ గలగల, స్టార్టింగ్ పొగ, ఐడిల్‌లో (కారు నిలిపి ఇంజిన్ నడుస్తున్నప్పుడు) వణుకు చల్లటి ఇంజిన్‌లోనే బయటపడతాయి.

నిలిపి ఉన్నప్పుడు:

- టైరు మీద నాలుగంకెల కోడ్: 2319 అంటే 2019లో 23వ వారం. నాలుగూ ఒకే బ్రాండ్, దగ్గరి తేదీలా?
- డిస్కుల అంచు గట్టుకట్టిందా
- కూలెంట్ ట్యాంకులో మట్టం, దాని చుట్టూ ఎండిన తెల్లటి లేదా రంగు మరకలు
- కారు కింద, స్పీడ్ బ్రేకర్లకి తగిలిన గీతలు, ఆయిల్ పాన్ పగుళ్లు (లిఫ్ట్ మీద ఎక్కించే చూడాలి)
- అద్దాల మీది తయారీ ఏడాది గుర్తులు ఒకటేనా

వరద నీళ్లు: 2015 డిసెంబర్ చెన్నై, 2020 అక్టోబర్ హైదరాబాద్, 2024 సెప్టెంబర్ విజయవాడ బుడమేరు. ఈ ఊళ్ల కార్లన్నీ అనుమానించమని కాదు, ఆ తేదీల దగ్గర ఇన్సూరెన్స్ క్లెయిమ్ ఏమైనా ఉందా అని మాత్రం చూడండి. సీటు బెల్టు చివరిదాకా లాగి మట్టి గీత వెతకండి. కార్పెట్ ఎత్తండి. సీటు పట్టాల తుప్పు, స్పేర్ వీల్ గుంట చూడండి. కొత్త కార్పెట్, గట్టి సెంటు వాసన కలిసి ఉంటే ఇంకొంచెం ఎక్కువసేపు చూడండి.

స్కానింగ్: మామూలు చిన్న స్కానర్ కాదు, ఆ బ్రాండ్‌కి తగినది. అన్ని కంట్రోల్ యూనిట్ల లోపాలు, వీలైతే వాటిలో నమోదైన కిలోమీటర్లు చదివించండి. మీటర్ వెనక్కి తిప్పినవాళ్లు గేర్‌బాక్స్ యూనిట్‌లోని అంకె మార్చడం చాలాసార్లు మర్చిపోతారు. లోపాలన్నీ నిన్ననే తుడిచేసినట్టు కనిపిస్తే, అరగంట నడిపి మళ్లీ స్కాన్ చేయండి.

టెస్ట్ డ్రైవ్‌లో మొదటి పదిహేను నిమిషాలు ట్రాఫిక్‌లో మెల్లగా: ఒకటి-రెండు-మూడు గేర్ల మార్పులో కుదుపు, రివర్స్‌లో ఆలస్యం. తర్వాత ఇంజిన్ వేడెక్కాకే గట్టిగా. హైదరాబాద్‌లో అయితే ఓఆర్ఆర్ చాలు, అక్కడి 120 పరిమితి దాటాల్సిన పనే లేదు. మూడో గేర్‌లో తక్కువ ఆర్‌పీఎం నుంచి పూర్తిగా తొక్కితే టర్బో, ఇగ్నిషన్ సంగతి తెలిసిపోతుంది. తిరిగొచ్చాక ఏసీ వేసి పది నిమిషాలు ఐడిల్‌లో ఉంచి టెంపరేచర్ చూడండి.

ఈ తనిఖీకి కంపెనీ సర్వీస్ సెంటర్ కొన్ని వేలు తీసుకుంటుంది. ముప్పై లక్షలు పెట్టేవాళ్లు ఇక్కడ వెనకాడితే అది ఏనుగును కొని అంకుశం దగ్గర బేరమాడటమే.

## 7. బేరం

“చివరి ధర చెప్పండి” అని మొదలుపెట్టకండి. తనిఖీ రిపోర్టు, కొటేషన్లు బల్ల మీద పెట్టండి. టైర్లు ఇంత, గేర్‌బాక్స్ ఆయిల్ ఇంత, వారంటీ పొడిగింపు ఇంత అని ఒక్కొక్కటీ తీసేయండి. అంకెలతో అడిగితే అమ్మేవాళ్లకి కోపం రాదు, మీకు మొహమాటం ఉండదు.

టోకెన్ అడ్వాన్స్ ఇస్తే ఒక కాగితం మీద రాయించండి: సర్వీస్ సెంటర్ తనిఖీలో పెద్ద లోపం, వారంటీ అడ్డు, క్లెయిమ్ చరిత్ర బయటపడితే టోకెన్ తిరిగి ఇవ్వాలి. వాట్సాప్ మెసేజ్ అయినా ఏమీ లేనిదానికన్నా నయం.

## 8. పేపర్లు

ఢిల్లీ కార్ల గురించి ముందు. అక్కడ పదేళ్లు దాటిన డీజిల్, పదిహేనేళ్లు దాటిన పెట్రోలు కార్ల మీద ఆంక్షలు, వాటి మీద కోర్టు ఉత్తర్వులు ఏళ్లుగా నడుస్తున్నాయి. అందుకే అక్కడి కార్లు ఇక్కడికి చవగ్గా వస్తాయి. చవక ధరకి ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదని అక్కడి రవాణా శాఖ ఇచ్చే పత్రం), ఇక్కడ కట్టాల్సిన లైఫ్ ట్యాక్స్, కొత్త నంబర్ ఖర్చు కలపండి. లైఫ్ ట్యాక్స్ ఎంతో ఆర్‌టీఏలో అడిగి, కాగితం మీద వేయించాకే ధర మాట్లాడండి. ఖరీదైన కారుకి ఇది చిన్న మొత్తం కాదు. కలిపాక లోకల్ కారు ధరే వచ్చే సందర్భాలు చాలా.

చెక్‌లిస్ట్:

- ఆర్‌సీ, ఛాసిస్, ఇంజిన్ నంబర్లు కారు మీదివాటితో సరిపోవాలి
- లోన్ ఉంటే బ్యాంకు ఎన్‌ఓసీ, ఫారం 35 (ఆర్‌సీలో లోన్ తొలగింపుకి)
- ఫారం 29, 30 (ఓనరు పేరు మార్పుకి)
- వేరే రాష్ట్రం కారైతే ఫారం 28 ఎన్‌ఓసీ, ఇక్కడ కొత్త నంబర్‌కి ఫారం 27
- పెండింగ్ చలాన్లు, పొల్యూషన్ సర్టిఫికెట్
- రెండు తాళాలు, సర్వీసు బిల్లులు, వారంటీ సర్టిఫికెట్
- ఓనరు మారిన 14 రోజుల్లో ఇన్సూరెన్స్ బదిలీ దరఖాస్తు

నో క్లెయిమ్ బోనస్ (ఎన్‌సీబీ, క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో వచ్చే తగ్గింపు) కారుతో రాదు, అది పాత ఓనరుది. “యాబై శాతం ఎన్‌సీబీ ఉంది” అన్న మాటని ధరలో కలపకండి.

కన్సల్టెన్సీ ద్వారా కొంటే వాళ్ల మార్జిన్ మీద 18 శాతం జీఎస్టీ ఉంటుంది, చెప్పిన ధరలో అది కలిసిందో లేదో అడగండి. వారంటీ బదిలీ ఫారం కూడా డెలివరీ రోజే సంతకం చేయించండి. తర్వాత పాత ఓనరు ఫోన్ ఎత్తుతాడని నమ్మకం లేదు.

## 9. కొన్న మొదటి నెల

ఇంజిన్ ఆయిల్, అన్ని ఫిల్టర్లు, బ్రేక్ ఆయిల్, కూలెంట్ మార్చేయండి. గేర్‌బాక్స్ ఆయిల్ మార్చిన బిల్లు లేకపోతే అదీ. బ్యాటరీ పరీక్షించండి, ఈ కార్లలో ఓల్టేజీ తగ్గితే సంబంధం లేని లోపాలు పది కనిపిస్తాయి. బ్యాటరీ మార్చాక చాలా మోడళ్లలో దాన్ని కారుకి నమోదు చేయాలి, కాబట్టి వీధి చివరి షాపులో వేయించొద్దు.

వారంటీ ఉన్నంతకాలం కంపెనీ సర్వీసు సెంటర్‌లో, గడువు దాటకుండా చేయించండి. రీమ్యాప్ ఆలోచన ఉంటే వారంటీ అయ్యాకే. చిన్న శబ్దం వినిపించినా గడువులోపు జాబ్ కార్డు మీద రాయించండి. “అప్పుడే చెప్పాం” అనేదానికి రుజువు ఆ కాగితమే. గడువు దాటిన కొద్ది రోజులకే పెద్ద భాగం పోతే, పూర్తి సర్వీసు చరిత్ర చూపించి గుడ్‌విల్ కింద కొంత భరించమని రాతపూర్వకంగా అడగండి. హక్కు కాదు, కానీ అడిగినవాళ్లకి కొన్నిసార్లు దక్కుతుంది.

## 10. అమ్మే సమయం

వారంటీ ఆరు నుంచి పన్నెండు నెలలు మిగిలి ఉండగా ప్రకటన ఇవ్వండి. నెల మిగిలినప్పుడు ఇస్తే, మీరు ఒకటో మెట్టులో అడిగిన ప్రశ్నే కొనేవాళ్లు మిమ్మల్ని అడుగుతారు. కొత్త మోడల్ రాబోతోందని వార్తలు మొదలైతే ఇంకా ముందే.

టైర్లు కొత్తవి వేసి అమ్మితే వాటి పూర్తి ఖరీదు తిరిగిరాదు. బిల్లులు వరసగా పెట్టిన ఫైలు, సర్వీస్ సెంటర్ తాజా తనిఖీ రిపోర్టు మాత్రం ఖర్చు కంటే ఎక్కువే తెస్తాయి. అలాయ్ గీతలు సరిచేయించండి, పెద్ద డెంటింగ్-పెయింటింగ్ వద్దు: కొత్త పెయింట్ అనుమానం పెంచుతుంది.

కారు అప్పగించాక ఆర్‌సీ మీ పేరు మీద ఉన్నంతవరకు ప్రమాదం జరిగితే చట్టం దృష్టిలో ఓనరు మీరే. 2018లో సుప్రీంకోర్టు ఈ మాట స్పష్టంగా చెప్పింది. ఫారం 29 నకలు, కొన్నవాళ్ల గుర్తింపు కార్డు, డెలివరీ సమయం రాసిన రసీదు దగ్గర పెట్టుకోండి. ఆథరైజ్డ్ డీలర్‌కి అప్పగిస్తే, ఆ సంగతి రవాణా శాఖకి తెలిపే ఫారం 29సి ఆన్‌లైన్‌లో నమోదైందా అని చూసుకుని తాళాలు ఇవ్వండి. పేరు మారేవరకు వారానికోసారి ఆర్‌సీ స్టేటస్ చూస్తూ ఉండండి.